జొన్నరొట్టె అనే పేరు

గత సోమవారం పొద్దున వనపర్తి దవాఖానలో మా గైడు సారు పోయారు. యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పిన మనిషి. ఫోన్ వచ్చినప్పుడు కొత్తకోటలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఆయన బీరువా గుర్తొచ్చి భయమేసింది.

పల్లెల్లో జనం ఎవరికి భయపడి ఓటేస్తారన్నది మా పరిశోధన. మూడేళ్లు సారు వెంట తిరిగాను. ఏ ఇంటికి వెళ్లినా చాయ్ తాగేదాకా ఆయన పెన్ను తీసేవారు కాదు. నోటుబుక్కులో ఎవరి పేరూ రాసేవారు కాదు. వాళ్లు మా ముందు ఏం పెడితే అదే వాళ్ల పేరు. ఒకరు మజ్జిగ, ఒకరు ఉడకబెట్టిన పల్లికాయ. ఉప్పునుంతల దగ్గరి ఊళ్లో ఒక కూలి అవ్వ జొన్నరొట్టె. ఊరి పెద్దమనిషి చెప్పిన గుర్తుకే ఓటేస్తానని, లేకుంటే కూలికి పిలవడని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. పళ్లు సరిగా లేకపోయినా సారు ఆ రొట్టె మొత్తం తినే లేచారు.

నేను మాత్రం నా మొదటి నోటుబుక్కులో పదకొండు అసలు పేర్లు రాశాను, ఇంటి ఆనవాళ్లతో సహా. మెచ్చుకుంటారనుకుని చూపించాను.

"మంచిగనే రాసినవ్. గందుకే భయమైతుంది," అన్నారు. "రేపు ఏమన్నయితే మనం బస్సెక్కి పోతం. ఆళ్లు గాడనే బతకాలె. కాలబెట్టు."

కాల్చేశానని చెప్పాను. అబద్ధం. మొదటి నోటుబుక్కు కదా, చేతులు రాలేదు. యూనివర్సిటీలో సారు బీరువాలోనే, ఆయన ముట్టని పాత పేపర్ల కింద దాచాను. ఆయన మళ్లీ అడగలేదు, నమ్మారు. నాకు చదువు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎదుటి మనిషి కోసం భయపడాలని చెప్పింది ఆయనొక్కరే.

సారు మంచాన పడ్డాక ఎవరో ఆ బీరువా తెరిచారట. అంత్యక్రియలయ్యాక వెళ్లి చూశాను. పాత పేపర్లన్నీ ఉన్నాయి, నా నోటుబుక్కు ఒక్కటే లేదు.

నిన్న జొన్నరొట్టె అవ్వ ఊరికి వెళ్లాను. అవ్వ గడపలోనే నిలబడింది.

"సారు పోయిండు, అవ్వా," అన్నాను.

"మంచోడు బిడ్డా," అంది. "పెద్దమనిషి మనుషులు ఇద్దరొచ్చిండ్రు. నా పేరున్న బుక్కు సూపిచ్చిండ్రు. గది నీ రాతేనా?"

అవునన్నాను. ఆమె కోప్పడలేదు. వీధికి అటూ ఇటూ చూసి తలుపు సగం వేసింది. లోపల పెనం మీద రొట్టె కాలుతున్న వాసన వస్తోంది. ఈసారి నా ముందు ఏమీ పెట్టలేదు.