సున్నా చుట్టినవాడికి పతకం

గడియారాలు బాగుచేసే ఆయన్ని పేటలో అందరూ నత్త మామ అనేవారు. వయసులో ఉండగా ఆయన బ్యాటింగు అలా ఉండేది మరి. వికెట్టు పడేది కాదు, పరుగూ వచ్చేది కాదు.

పేటలో ఏటా క్రికెట్ పోటీలు జరిగేవి, ఓడితే ఇంటికే. అప్పటిదాకా గెలిచిన జట్టుకు కప్పు, ఓడిన జట్టుకు ఓదార్పు, అంతే. ఆ ఏడు మొదటిసారిగా, ఫైనల్లో అందరికన్నా బాగా ఆడినవాడికి వెండి పతకం ఇద్దామనుకున్నారు. ఎవరికివ్వాలో తేల్చే పని మామకు అప్పజెప్పారు. రెండు జట్లలోనూ చుట్టాలు లేకపోవడమే ఆయన అర్హత.

మామ హద్దు పక్కన కుర్చీ వేసుకున్నాడు. ముందు బ్యాటింగుకు దిగిన రైలు షెడ్డు మెకానిక్ బంతిని చితకబాది ఎనభై దాటాడు. పతకం అతని మెడలో పడ్డట్టేనని జనం తీర్మానించేశారు. మామా అదే అనుకున్నాడు.

అంతలో పిచ్‌కు ఓ పక్కగా, కవర్ అనే చోట ఫీల్డింగు చేస్తున్న పోస్ట్‌మన్ మీద ఆయన కళ్లు పడ్డాయి. దూసుకుపోతున్న బంతిని ఒంటిచేత్తో అందుకుని, నేల మీద పడుతూనే విసిరాడతను. అక్కణ్ణుంచి కనబడేది ఒక్క స్టంపే. అదే ఎగిరింది. పరుగుకు బయల్దేరిన అవతలి బ్యాటర్ రనౌటయ్యాడు.

ఆ తర్వాత మొదలైంది వింత. బంతి అటు వెళ్తే చాలు, బ్యాటర్లు కాలు కదపడం మానేశారు. మైదానంలో ఆ మూలకు తాళం వేసినట్టయింది. మామ కుర్చీలో ముందుకు జరిగాడు. ఒక మనిషి ఊరికే నిలబడి ఎదుటివాళ్లను ఆపెయ్యడం ఆయన ఎన్నడూ చూడలేదు.

పోస్ట్‌మన్ బ్యాటింగులో సున్నా చుట్టాడు. జట్టూ ఓడింది. నలుగురూ నవ్వుతారేమోనని మామ జంకాడు. అయినా కళ్లారా చూసిందాన్ని కాదనలేక అతన్నే పిలిచాడు.

పిలుపు తనకు కాదనుకుని పోస్ట్‌మన్ పక్కనున్న బౌలర్ని ముందుకు నెట్టాడు. జనం గొణిగారు. అప్పుడు మెకానిక్ లేచి చప్పట్లు కొట్టాడు.

"వంద కొట్టేవాణ్ణే. ఆ అన్న ఉన్న వైపు కొట్టాలంటే గుండె జారిపోయింది" అన్నాడు.

ఆ మాటతో మైదానమంతా లేచి నిలబడింది. పోస్ట్‌మన్ పతకాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నా మామ ముద్ద ముట్టలేదు. ఆ విసురు ఎలా ఉందో భార్యకు చెయ్యి తిప్పి మరీ చూపించాడు.

"అది సరే, గెలిచిందెవరు?" అందావిడ.

"గెలిచిందా..." అంటూ ఆయన కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.