చివరి రెండక్షరాలు

పోయిన ఏడాది రాబర్ట్‌సన్‌పేటలోని మా టైపింగ్ అంగడికి కొత్త కంప్యూటర్ కొన్నాను. పాతదాంట్లో ఉన్న ఒరిజినల్ విండోస్‌ను దీంట్లోకి మార్చాలంటే ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన లైసెన్సు నంబరు కావాల. ఆ నంబరు కార్డును నాయన భద్రంగా పాత కంప్యూటర్ డబ్బాకే అంటించి పెట్టినాడు. అమ్మేమో ఏటా ఆయుధపూజకి సరిగ్గా దానిమీదే కుంకుమ పెట్టింది. తడిగుడ్డతో తుడిచినాను. బొట్టుతోపాటు చివరి రెండక్షరాలూ లేచి వచ్చినాయి!

మర్నాడే కాలేజీ పిల్లల అప్లికేషన్లకు ఆఖరు రోజు.

"నీ బొట్టుతో కొంప ముంచినావు గదే!" అని నాయన అమ్మమీద ఎగిరినాడు.

నాయన ఇక్కడి బంగారు గనిలో ఫోను ఆపరేటరుగా పనిచేసినాడు. ఇంగ్లీషు అక్షరం ఏది చెప్పినా దాంతో మొదలయ్యే ఊరి పేరు అరిచి చెప్పడం ఆయనకి అలవాటు. అమ్మకి ఇంగ్లీషు రాదు.

"పాత కంప్యూటర్ కొన్నప్పుడు ఈ నంబరు నువ్వు కంపెనీవాళ్లకి ఫోనులో అరిచి చెప్పలేదా? చివర్న మారికుప్పం, బేతమంగళ. మీ ఊరు, మా ఊరు. ఎట్లా మరిచిపోతాను?" అనింది అమ్మ.

ఎమ్, బి కొట్టినాను. తీసుకునింది!

నాయన అంత సిగ్గుపడింది నేనెప్పుడూ చూడలేదు. కొత్త కంప్యూటర్‌కి బొట్టు పెట్టమని కుంకుమ భరిణ ఆయనే తెచ్చి అమ్మ చేతికిచ్చినాడు.