పదకొండు మేకలూ, ఐదు సంతకాలూ

మా చర్చి గుమ్మంలో ఖాకీ చొక్కా కనబడితే చాలు, పాటలు పాడేవాళ్లంతా నా వంక చూసి ముసిముసిగా నవ్వుతారు. తబలా ముందు కూర్చున్న నేను తల వంచుకుంటాను. అంత అప్రతిష్ఠ ఎలా మూటగట్టుకున్నానో చెబుతాను. మీరు ఎంతైనా నవ్వుకోండి గానీ మా ఆవిడ గ్రేసమ్మ ముందు మాత్రం ఈ ఊసెత్తకండి. ఆమెకింకా నవ్వు రాలేదు.

మాది అత్వెల్లి. నాకు పదకొండు మేకలు. అవి ఒకరోజు పక్క చేను మల్లయ్య పాలకూర మడులను నున్నగా మేసేశాయి. మాటా మాటా పెరిగింది. నేను ఒక్క తోపు తోశాను. మల్లయ్య గట్టు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కేసయింది. రెండు రోజులు జైలు కూడు తిన్నాక బెయిలొచ్చింది. జమానతు పడ్డది గ్రేసమ్మే, ఇల్లు ఆమె పేరు మీదే ఉంది మరి. షరతు ఒక్కటే: ప్రతి ఆదివారం పదికీ పన్నెండుకీ మధ్య ఠాణాకు పోయి సంతకం పెట్టాలి. తప్పితే బెయిలు రద్దు, మళ్లీ జైలు.

ఎంత పనండీ ఇది? మా మేకను పంపినా చక్కబెట్టుకొచ్చేది!

చిక్కల్లా ఎక్కడంటే, ఆదివారం ఆరాధన పదిన్నరకు. తబలా నాది. మొదటి ఆదివారం ఠాణా గేటు దగ్గర కానిస్టేబుల్ "లోపట రైటర్ కాడికి పో" అన్నాడు. నేను "లోపట" వరకే విని ఉరికాను. వరండాలో ఓ బల్ల, దాని మీద రిజిస్టరు, ముందు పదిమంది వరుస. నాకు పుట్టుకతో ఒక జబ్బుంది, వరుస కనబడితే నిలబడిపోతాను. రేషన్ దుకాణం ముందు పెరిగిన ప్రాణం కదా!

నా ముందున్న మెలేసిన మీసాలాయన వెనక్కి తిరిగాడు. మెడ మీద తేలు పచ్చబొట్టు.

"కొత్తనా అన్న? ఏ ఏరియా?"

"అత్వెల్లి."

"ఎన్నున్నయ్?"

మేకలు కాసేవాణ్ణి ఎన్నున్నాయని అడిగితే ఏం చెబుతాడు? మీరే చెప్పండి.

"పదకొండు," అన్నాను.

"పదకొండా!" వరుస మొత్తం వెనక్కి తిరిగింది.

"పదమూడుండె. మొన్న క్రిస్మస్‌కు రెండు కోసిన."

"నువ్వే కోసినవా?"

"మరెవలు? నేనే. మా ఇంటామె కాళ్లు వట్టుకున్నది."

మీసాలాయన పక్కకు జరిగాడు. "అరేయ్, అన్నను ముందుకు పోనియ్యున్రి!"

ఎంత మర్యాదస్తులో అనుకున్నాను! సంతకం గీకి చర్చికి పరుగెత్తాను. ఐదు వారాలూ అంతే. నేను రాగానే వరుస రెండుగా చీలి దారిచ్చేది. ఒకాయనైతే బండి మీద చర్చి దగ్గర దించి, దండం పెట్టి మరీ వెళ్లాడు. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందంటారు. ఈ గొర్రె కసాయివాడి చేతనే దండం పెట్టించుకుంది!

ఆరో వారం నడుమ కోర్టు నోటీసు వచ్చింది. "యాకోబు అను నీవు వరుసగా ఐదు వారాలు సంతకం చేయనందున బెయిలు ఎందుకు రద్దు చేయరాదో చెప్పుకొనవలెను."

గ్రేసమ్మ చేతిలోని చేట కిందపడేసింది. "ఐదు వారాలు ఏడికి వోయినవయ్యా? ఇంటి కాయితం కోర్టుల వెట్టి తెచ్చుకుంటి గద నిన్ను!"

"సంతకం వెట్టిన! దేవుని తోడు!"

"దేవుణ్ణి నడుమ వెట్టకు. నడువ్ ఠాణాకు."

రైటరంటే ఠాణాలో కాగితాలు చూసే హెడ్ కానిస్టేబుల్. లోపలి గదిలో కూర్చుంటాడు. ఆయన బీరువాలోంచి రిజిస్టరు తీసి నా పేజీ చూపించాడు.

"జూడు, సున్నమేసిన గోడ లెక్కున్నది."

"గీడ కాదు సార్, వరండల వెట్టిన."

"వరండలనా?" రైటర్ లేచి వెళ్లి ఇంకో రిజిస్టరు తెచ్చి, వెనక్కి మడిచి ఉన్న అట్టను ముందుకు తిప్పాడు. దాని మీద పెద్దక్షరాలతో "రౌడీషీటర్ల హాజరు" అని ఉంది. లోపల ప్రతి ఆదివారం మొదటి సంతకం నాదే.

"ఓరి నీ తెలివి తెల్లార!" గ్రేసమ్మ నెత్తి కొట్టుకుంది. "స్మశానం కాడ వరుసుంటే అండ్లనన్న నిలవడతవా?"

రైటర్ పగలబడి నవ్వాడు. "ఒక్క వారం నాగా లేకుంట వచ్చిన రౌడీ వీడొక్కడే అమ్మా! వీన్ని జూసి నేర్సుకోమని మిగిలినోళ్లకు మా సారు జెప్తుండె."

రెండు రిజిస్టర్లూ మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాయి. కోర్టులో గ్రేసమ్మ నా వెనక నిలబడి చొక్కా అంచు పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. దొంగతనం చేసి జైలుకు పోతే అదొక దారి, తప్పు వరుసలో నిలబడి పోయానని ఊళ్లో ఎలా చెప్పుకోను?

సర్కారు వకీలు లేచాడు. "ఇతని మీద పదకొండు కేసులున్నాయనీ, ఇద్దర్ని కోశాడనీ అక్కడి రౌడీలే చెబుతున్నారు సార్."

"ఏమిటయ్యా ఆ పదకొండు?" అన్నారు మేజిస్ట్రేటు.

"మేకలు సార్."

ఆయన రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు. "ఠాణాకు వెళ్లాడు, సంతకం ఉంది, తేదీ ఉంది. బెయిలు ఉండనిస్తున్నాను. ఇకనైనా చదివి సంతకం పెట్టు."

బయటికొచ్చాక గ్రేసమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నా వీపు మీద రెండు చరిచింది.

ఆ ఆదివారం రైటర్ గదిలో, సరైన రిజిస్టరులో, అట్ట రెండుసార్లు చదివి మరీ సంతకం పెట్టాను. రొమ్ము విరుచుకుని చర్చికొచ్చి తబలా ముందు కూర్చున్నాను. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. అప్పుడు గుమ్మంలోంచి ఎవరో కొత్త కానిస్టేబుల్ గొంతు చర్చంతా మోగింది.

"యాకోబంటే ఎవలుల్లా ఈడ? ఇయ్యాల రౌడీల హాజరుకు ఎందుకు రాలే?"

చర్చిలో మూసి ఉన్న కళ్లు రెండే మిగిలాయి, అవి నావి.

కాబట్టి నా పదకొండు మేకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అట్ట తిప్పి చూడకుండా ఈ జన్మలో ఏ రిజిస్టరులోనూ సంతకం పెట్టను. ఇది దేని వరుసని అడగకుండా ఏ వరుసలోనూ నిలబడను. ఎన్నున్నాయని ఎవరైనా అడిగితే మాత్రం, "మేకలా, కేసులా?" అని తేల్చుకున్నాకే నోరు విప్పుతాను.