పక్కింటివాళ్ల జట్టు కోసం చలిలో నిలబడ్డాను

మా పక్కింటి రొడెల్ ఇక్కడ ఐర్లండ్‌లో, కిల్కెన్నీ ఆసుపత్రిలో నర్సు, ఫిలిప్పీన్స్ మనిషి. అక్కడి బాస్కెట్‌బాల్ లీగులో అతని జట్టుకు ఈ ఏడాదంతా కష్టాలే. కోవిడ్‌తో ఆటలు ఆగాయి, కోచ్ మధ్యలో వెళ్లిపోయాడు, మేటి ఆటగాడికి మోకాలు దెబ్బతింది. ఈ రోజు ఓడితే ఇంటికే.

భార్య ఇంట్లోంచే ఆఫీసు మీటింగులో ఉందని అతను పెరట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కేకలు వేస్తున్నాడు. మందలిద్దామని కంచె దగ్గరికి వెళ్లాను. సరిగ్గా అప్పుడే ఓడిపోతున్న జట్టు వరసగా బాస్కెట్లు వేసింది.

“అంకుల్, మీరొచ్చాకే పుంజుకున్నారు! ప్లీజ్, కదలొద్దు!”

“నాకిలాంటి నమ్మకాల్లేవయ్యా.”

“నాకున్నాయిగా!”

రాత్రంతా కోవిడ్ వార్డులో పనిచేసి వచ్చిన మనిషి. కాదనలేక ఇంట్లో వేసుకునే చెప్పులతోనే చలిలో నిలబడ్డాను. గెలిచారు. రొడెల్ కంటే నేనే గట్టిగా అరిచానని మా ఆవిడ అంటోంది.

క్రికెట్ అయ్యేదాకా కుర్చీలోంచి లేవని మన తెలుగు సంఘం అధ్యక్షులు పరంధామయ్యగారిని ఈ గ్రూపులోనే ఎన్నోసార్లు ఏకిపారేశాను. అయ్యా, మీ మీద నా అభిప్రాయం మారలేదు. కానీ శుక్రవారం మళ్లీ ఆట ఉంది. కదలకూడదంటే కాలు మార్చుకోవడం కూడా తప్పేనా? అనుభవజ్ఞులు, చెప్పండి.