కొత్త కళ్లజోడుతో చదివిన మొదటి బోర్డు

నిన్న రెజిమెంటల్ బజార్‌లో, తాతల కాలం నాటి మందుల దుకాణం బోర్డుకు రంగు వేస్తున్నారు. ఆ వాసనకు నా మూడో తరగతి గుర్తొచ్చింది.

నల్లబల్ల మీది అక్షరాలు కనిపించక తప్పులు చదివితే, నాకు చదువే రాదనుకున్నారు. చివరికి నాన్న దవాఖానకు తీసుకెళ్లాడు. ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మార్చి చూసేవారు, మీకూ గుర్తుందా?

కళ్లజోడు వచ్చిన రోజు బస్టాపులో నిలబడి, రోడ్డు అవతలున్న ఇదే బోర్డును గట్టిగా చదివేశాను.

"ఏందీ, గంత దూరంది కనిపిస్తుందా బిడ్డా?" అన్నాడు నాన్న.

"పక్కది గూడ కనిపిస్తుంది నాన్నా! అగో, బస్సొచ్చింది."

"పోనియ్. జెర ఆ గల్లీల బోర్డులు సుత సదువు."

నిన్న కూడా ఆ గల్లీ అంతా చదువుకుంటూనే నడిచాను.