ఎర్ర బుగ్గల పింగాణీ కృష్ణుడు

మా నాయనకు పింగాణీ బొమ్మల పిచ్చి. పిచ్చి అన్న మాట నాది కాదు, మా అవ్వది. చిట్టమూరు పక్కన వరి పండించుకునే ఊరు మాది. అక్కడ మగవాడికి ఎద్దుల పిచ్చి ఉంటే గొప్పగా చెప్పుకుంటారు, పేకాట పిచ్చి ఉన్నా సర్దుకుంటారు. అద్దాల బీరువాలో పెట్టి చూసుకోవడానికి బొమ్మలు కొనే రైతును మాత్రం వింతగా చూసేవాళ్లు. చూస్తే చూశారు. ఆయన ఎవరి సొమ్మూ తినలేదు, ఎవరి చేలోకీ గొడ్లను తోలలేదు.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. వడ్లు అమ్ముడుపోయాక నాయన నాయుడుపేటలో మద్రాసు రైలెక్కేవాడు. సెంట్రల్ స్టేషన్ పక్కన పాత సామాన్లు అమ్మే అంగళ్లు ఉండేవి. దేశం విడిచిపోయిన తెల్లదొరల ఇళ్లలోని సరుకంతా అక్కడికి చేరేది. నాయన ప్రతి బొమ్మనూ బోర్లించి అడుగున ఉన్న ముద్ర చూసేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కిరీటం ఉందా, లంగరు ఉందా, అడ్డంగా రెండు కత్తులున్నాయా, అంతవరకే ఆయన చదువు. తర్వాత వేలిగోటితో మెల్లగా తట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఖంగుమంటే మంచిది, మోగకపోతే లోపలెక్కడో పగులున్నట్టు.

తిరుగు రైల్లో బొమ్మను పైపంచెలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి పక్కనున్న ఆమె పసిబిడ్డ అనుకుని, “గాలి తగలకుండా కప్పుకో అన్నా” అందట. ఆ మాట మాకు ఎన్నిసార్లు చెప్పి నవ్వాడో లెక్కలేదు.

ముందు గది గోడలో ఉన్న పెద్ద గూటికి వడ్రంగితో అద్దాల తలుపులు పెట్టించాడు. అదే మా ఇంటి బీరువా. అందులో గొడుగు పట్టుకున్న దొరసాని, ఎదురెదురుగా కూర్చున్న రెండు కుక్కలు, ముడుచుకుని నిద్రపోయే పిల్లి, మూత మీద చిలక వాలిన చక్కెర గిన్నె ఉండేవి. కుంకుడు రసంలో కోడి ఈక ముంచి దొరసాని పావడా మడతల్లో దుమ్ము తీసేవాడు. ఆ పని అమ్మను కూడా చెయ్యనిచ్చేవాడు కాదు. సముద్రం వైపు నుంచి ఉప్పుచేపలు తెచ్చే ఆమె తట్ట దించి, ముందు బీరువా చూసుకుని, ఆ తర్వాతే బేరానికి కూర్చునేది. “ఈ కుక్కల మొకంలో ఉండే కళ మా ఊరి పెద్దమనిషి మొకంలో లేదన్నా” అనేది. అవ్వ మాత్రం, “ఆ గూట్లో ఊరగాయ జాడీలు పెట్టుకున్నా ఇంటికి పనికొచ్చును” అని సణిగేది.

ఒక వేసవిలో నాయన కృష్ణుణ్ణి తెచ్చాడు. పాకుతున్న కృష్ణుడు, ఒక చేతిలో వెన్నముద్ద. మన దేశంలో అమ్ముకోవడానికి ఏ దేశంవాళ్లో చేసి పంపిన బొమ్మ. చేసినవాడు కృష్ణుణ్ణి ఎక్కడ చూసి ఉంటాడు? వాళ్ల వీధిలో పాకే బిడ్డనే చూసి చేసినట్టున్నాడు. తెల్లటి ఒళ్లు, తేనెరంగు జుట్టు, ఎర్రటి బుగ్గలు. నెత్తిన నెమలిపింఛం ఒక్కటే మనది. నాయన మురిసిపోయాడు.

“నల్లనయ్యను చలిదేశంలో పుట్టించినారు చూడు మే, బుగ్గలు ఎట్టా కందిపోయినాయో!” అని అమ్మను పిలిచి చూపించాడు. కుక్కలను చెరో పక్కకు జరిపి మధ్యలో కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రం అన్నానికి పిలిచినా బీరువా ముందు నుంచి కదల్లేదు.

తెల్లారి చూస్తే బీరువాలో కృష్ణుడు లేడు. పూజగదిలో ఉన్నాడు. తల మీద తులసిదళం, నుదుట కుంకుమ, ముందు చిన్న గిన్నెలో పాలు. పక్కన అవ్వ, కళ్లు మూసుకుని.

“అమ్మా, అది బొమ్మ. పింగాణీది” అన్నాడు నాయన.

“వినాయకచవితికి నువ్వు మొక్కేది మట్టికి కాదా?”

“అది దేవుడని చేసింది. ఇది అమ్ముకునేదానికి చేసింది.”

“ఎవురు ఎందుకు చేస్తే నాకేంది? నైవేద్యం పెట్టేసినా. పాలు తాగిన దేవుణ్ణి మళ్లా కుక్కల కాడ కూర్చోబెట్టమంటావా?”

నాయన గడప దగ్గరే ఆగిపోయాడు. మా ఇంట్లో పొలం నాయనది, వంటిల్లు అమ్మది, పూజగది అవ్వది. అవ్వ ఒప్పుకోకుండా అక్కడి నుంచి ఒత్తి కూడా బయటికి రాదు. అలా ఆయన కొన్న వాటిల్లోకెల్లా ప్రాణమైన బొమ్మ ఒక్క రాత్రిలో దేవుడైపోయింది.

ఆ తర్వాత నాయన రోజూ స్నానం చేసి పూజగదిలోకి వెళ్లడం మొదలుపెట్టాడు. కొడుక్కి భక్తి కుదిరిందని అవ్వ ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. నాకు తెలుసు ఆ భక్తి ఏమిటో. పింగాణీ పైమెరుపులో వెంట్రుకవాసి గీతలుంటాయి. నూనె, మసి, కుంకుమ వాటిలోకి దిగాయంటే ఇక ఏం చేసినా పోవు. ఆయన ఆ బుగ్గల మీది మసి తుడుచుకోవడానికి వెళ్లేవాడు. “దీపం రవ్వంత దూరంగా పెట్టమ్మా” అని అడిగేవాడు. అవ్వ జానెడు జరిపింది. అంతకు మించి జరగలేదు.

మొదట్లో నవ్వుతూ అడిగేవాడు, నా కృష్ణుణ్ణి నాకియ్యమ్మా అని. తర్వాత నవ్వు పోయింది. ఒక ఏడాది నాట్లు మొదలై ముగిసేదాకా తల్లీకొడుకులు మాట్లాడుకోలేదు. “మీ అవ్వతో చెప్పు”, “మీ నాయనతో చెప్పు” అంటూ నన్ను మధ్యలో తిప్పారు. ఒక బొమ్మ కోసం ఇంత పెద్దవాళ్లు ఇట్లా ఉంటారా అని నాకు విసుగొచ్చేది.

కొన్నేళ్లకు నాయనకు కామెర్లు వచ్చాయి. పసరు మందు వేశారు, పథ్యం పెట్టారు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. కడుపు ఉబ్బింది. నెల్లూరులో డాక్టర్లు చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు, అవ్వ ఒక్కతే తెలియనట్టు ఉండేది. బీరువాకు ఎదురుగా నులకమంచం వేసి పడుకోబెట్టాం.

ఒకరోజు నాయన అవ్వను దగ్గరికి పిలిచాడు.

“అమ్మా, కృష్ణుణ్ణి తెచ్చి ఆడ పెట్టు. ఈడి నుంచి చూసుకుంటా.”

“ఇప్పుడు కదిలించకూడదు నాయనా. మొక్కుకోని ఉండా. నీకు నయం కానీ, నేనే తెచ్చి పెడతా.”

“నయమయ్యేదాకా ఆగాల్నా?” అని నాయన నవ్వబోయాడు. దగ్గు వచ్చింది.

అమ్మ అంతవరకూ అత్తకు ఎదురు చెప్పి ఎరగదు. ఆరోజు వంటింట్లో అవ్వ చేతులు పట్టుకుంది. “అత్తా, ఒక్క పూట ఇయ్యండి. చూసినాక మళ్లా మీరే తీసుకపోండి.” అవ్వ తల అడ్డంగా ఊపింది. ఎవరి కాళ్లు పట్టుకుని బిడ్డ ప్రాణం అడుగుతోందో ఆయన్నే పీట మీద నుంచి లేపి బొమ్మల్లో పెడితే, ఆ కోపం బిడ్డ మీదికి వస్తుందని ఆమె భయం. భయమని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు మొండితనమే కనిపించింది. చావబోయే మనిషి అడిగింది ఒక బొమ్మ. అవ్వ మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పూజగది ముందు నుంచి వెళుతూ ఆమె మాటలు విన్నాను. నేలకు నుదురు ఆనించి, తిండి మానిన గొంతుతో, ఒకటే మాట మళ్లీ మళ్లీ అంటోంది: “నా బిడ్డను నాకియ్యి సామీ, నిన్ను వాడికిస్తా. నా బిడ్డను నాకియ్యి.”

అడిగిన తర్వాత నాయన ఎక్కువ రోజులు లేడు. వాన ముసురు పట్టిన ఒక పొద్దున, బీరువా వైపే తిరిగి పడుకుని, పోయాడు. అవ్వ గట్టిగా ఏడవలేదు. కాళ్ల దగ్గర కూర్చుని పాదాలు రుద్దుతూనే ఉంది, చల్లబడ్డాయత్తా అని అమ్మ చెప్పినా మానలేదు.

మైల కాబట్టి పూజగది మూసేశారు. కర్మలు ముగిసిన రోజున పురోహితుడు ఇల్లంతా మంత్రజలం చల్లి, ఇక దేవుడి దగ్గర దీపం పెట్టుకోవచ్చన్నాడు. అమ్మ ఒత్తి, నూనె సిద్ధం చేసింది. అవ్వ తలుపు తీసి లోపలికి వెళ్లింది. దీపం వెలిగిస్తుందని అందరం చూస్తున్నాం. రెండు చేతుల్లో కృష్ణుణ్ణి పట్టుకుని బయటికి వచ్చింది.

“అమ్మా, దేవుణ్ణి కదపాలంటే ఒక పద్ధతి ఉందమ్మా” అని పురోహితుడు కంగారుపడ్డాడు. అవ్వ ఆయన వైపు చూడలేదు. ఎండిన తులసి ఆకులు దులిపింది. కొంగు తడిపి నుదుటి కుంకుమ తుడిచింది. కొంత పోయింది, కొంత గీతల్లో ఉండిపోయింది. బీరువా తెరిచి, దొరసానిని పక్కకు జరిపి, కృష్ణుణ్ణి కుక్కల మధ్య కూర్చోబెట్టింది.

అమ్మ అలవాటుగా రెండు చేతులూ జోడించింది. అవ్వ వెనక్కి తిరిగి ఆ చేతుల్ని పట్టుకుని విడదీసి కిందికి దించేసింది.

“మొక్కబాకమ్మే” అంది. “అది నా బిడ్డ కొనుక్కున్న బొమ్మ.”