చిత్రశాలలో హారతి

ఆ రోజుల్లో ఏ పనికైనా ముందుగా జాబితా రాసుకునేవాణ్ణి. జాబితాలో లేనిది జరగదని నా నమ్మకం. (డ్రాయింగు చదివినవాడికి ఈ జబ్బు తొందరగా అంటుకుంటుంది.) మద్రాసులో ఒక జమీందారు తన బంగళాను చిత్రశాలగా మార్చి, టిక్కెట్టు లేకుండా జనాన్ని రానిచ్చేవాడు. అక్కడ డ్రాఫ్ట్స్‌మన్ పనికి నాకు పెట్టిన పరీక్ష, గుమ్మంలో తగిలించే నిబంధనల బోర్డు రాయడం. తాకరాదు, ఉమ్మరాదు, అరవరాదు, గొడుగు తేరాదు అంటూ మనిషి చేయగల తప్పులన్నీ ఊహించి రాశాను. సూపరింటెండెంటుగారు మర్నాడు ఉదయం చూసి ఉద్యోగం సంగతి తేలుస్తామన్నారు.

సరిగ్గా ఆ ఉదయమే మా ఊరు రాచర్ల నుంచి మా అవ్వ దిగింది. గదిలో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకుపోయాను.

"టిక్కెట్టు ఎంతరా?"

"లేదవ్వా. ఎవరైనా పోవచ్చు."

"ఊరికే అందర్నీ రానిచ్చేది దేవళమొకటే గదరా అబ్బయా! ముందే చెప్పింటే తలకు పోసుకోని వచ్చేదాన్ని."

నవ్వేశాను. బోర్డు తగిలించి మట్టం చూసుకుంటుంటే లోపలినుంచి కర్పూరం వాసన వచ్చింది. పరుగెత్తాను. లోపలి గదిలో చూడ్డానికి పెట్టిన కంచు అమ్మవారి విగ్రహం ముందు, అవ్వ మూటలో తెచ్చుకున్న పలకరాతి ముక్క మీద కర్పూరం మండుతోంది. దాని పైనే గోడమీద, నిన్న వార్నీషు పూసిన జమీందారుగారి నాయనమ్మ చిత్రం! మంట నాలుక ఆవిడ పాదాల దాకా లేస్తోంది.

"అవ్వా, ఆర్పు!"

"హారతిని నోటితో ఆర్పేదేందిరా? అదే కొండెక్కుతాదిలే."

కావలివాడు అప్పటికే తలపాగా చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు. "నువ్వన్నా ఆర్పవయ్యా" అంటే, "నాకు పిల్లలున్నారు బాబూ" అన్నాడు. నా చేతిలో బోర్డు తుడిచిన తడిగుడ్డ ఉంది. చదువంతా నా వైపే ఉంది. చెయ్యి మాత్రం లేవలేదు.

అంతలో బూట్ల చప్పుడు. సూపరింటెండెంటుగారు మంటను చూశారు, చిత్రాన్ని చూశారు, నన్ను చూశారు.

"ఎవరీవిడ?"

"మా అవ్వండి."

"ఆర్పండి!"

ఎవరూ కదల్లేదు. ఆయనే వంగి బుగ్గలు పూరించారు. అవ్వ పలక ముక్కను కొంగుతో ఎత్తి ఆయన ముందుకు చాపింది.

"తీసుకో నాయనా, చల్లగుంటావు."

పూరించిన బుగ్గలు మెల్లగా తగ్గాయి. ఆయన చేతులు వాటంతట అవే మంటమీదికి పోయి కళ్లకు తాకాయి. తరువాత నలుగురం అది కొండెక్కేదాకా నిలబడ్డాం. అంత పొడుగైన నిరీక్షణ నేను మళ్లీ ఎరగను.

ఆయన కోటు సర్దుకున్నారు. "కర్పూరం సంగతి బోర్డులో లేదేం?"

"తోచలేదండి."

"రేపు వచ్చి రాయి."

"రేపాండీ?"

"రేపటినుంచి ఉద్యోగం నీదే కదా. ఇంకెప్పుడు రాస్తావు?"

బయటికొచ్చాక అవ్వ, "పూజారి మంచోడేరా. బూట్లేసుకోని వచ్చినాడు, అదొకటే" అంది.

కర్పూరం వెలిగించరాదని మర్నాడే రాశాను. ఏటా రంగు వెలిసినప్పుడల్లా నేనే దిద్దాను. అవ్వ పోయిన చాలా ఏళ్ల తరువాత ఒకరోజు గమనించాను, ఆ కంచు అమ్మవారి గదిలోకి పోయేముందు చెప్పులు గుమ్మం బయటే వదులుతున్నానని. ఆ సంగతి మాత్రం బోర్డులో ఎప్పుడూ రాయలేదు.